నిలబడటం – నిలదొక్కుకోవటం

ఒక వస్తువు గరిమనాభి నుంచి కిందికి గీసిన లంబరేఖ దాని ఆధారపీఠం లోపల పడినంతసేపూ ఆ వస్తువు నిలుస్తుంది. బయట పడితే ఒరిగిపోతుంది. మన ఉన్నత పాఠశాలల్లో ఈ సూత్రాన్ని తరతరాలుగా చెబుతున్నాము. ఇప్పటి పుస్తకాలు గరిమనాభిని గురుత్వకేంద్రం అంటున్నవి. పేరు మారింది గాని పాఠం మారలేదు. మనం చెప్పే ఉదాహరణలూ అవే: గడ్డి ఎత్తుగా వేసిన బండి, పైకప్పు మీద బరువు కట్టిన బస్సు, పీసా గోపురం, ఎటు తోసినా లేచి కూర్చొనే తంజావూరు బొమ్మ.

బండికీ బొమ్మకూ ఈ సూత్రం చక్కగా సరిపోతుంది. చిక్కు ఎక్కడ వస్తున్నదంటే, దీనినే మనిషికి కూడా తగిలించి అంతటితో పాఠం ముగిస్తున్నాము. మనిషి కూడా రెండు కాళ్ల బల్ల వంటివాడే అన్న చిత్రం విద్యార్థి మనస్సులో మిగిలిపోతున్నది. ఆ చిత్రం వలన పరీక్షలో హాని లేదు; ఇంట్లో ఉన్నది. పడిపోతుందన్న భయం ఉన్న వస్తువును మనం ఏమి చేస్తాము? కదలకుండా ఒక మూల పెడతాము. డెబ్బై ఏండ్ల అవ్వకు మన ఇళ్లలో జరుగుతున్నది కూడా ఇదే. ఆమె ఒకసారి తూలిందంటే చాలు, "పైలం అవ్వా, ఊకె లేవకు, మంచం మీదనే ఉండు" అంటారు. ప్రేమతో అన్న మాటే. కాని దాని వెనుక ఉన్న భౌతికశాస్త్రం బల్లకు సంబంధించినది, మనిషికి సంబంధించినది కాదు.

ఇది చిన్న విషయం కాదు. ప్రపంచంలో ఏటా 6,84,000 మంది పడిపోవటం వలన చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అంచనా వేసింది. ఈ మరణాలలో నూటికి 80కి పైగా మన వంటి అల్ప, మధ్యాదాయ దేశాలలోనే జరుగుతున్నవి. చనిపోయేవారిలో ఎక్కువమంది అరవై దాటినవారు. చనిపోనివారి కథ వేరు. తుంటి ఎముక విరిగిన వృద్ధురాలు చాలాసార్లు మళ్లీ తన కాళ్లమీద తాను పెరటి దాకా కూడా పోలేదు. 2016 విభజనకు ముందటి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సంగతి చూస్తే మరొక మాట చెప్పాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఊళ్ల నుంచి పనిచేసే వయసువారు గల్ఫ్ దేశాలకు పోవటం దశాబ్దాలుగా ఉన్నది. అలాంటి ఇళ్లలో ముసలివారి పక్కన మిగిలేది తరచుగా బడికి పోయే మనుమడో మనుమరాలో. అనగా మన తొమ్మిదవ తరగతి విద్యార్థే. అతనికి స్థిరత్వ పాఠం ఏ రూపంలో చేరుతున్నదన్నది అందుకే పట్టించుకోవలసిన విషయం.

రాష్ట్రం విడిపోకముందు తయారై ఆ తరువాత తెలంగాణలోనూ నడిచిన తొమ్మిదవ తరగతి భౌతికశాస్త్ర పుస్తకంలో గురుత్వాకర్షణ పాఠం కింద ఒక చక్కని ప్రయోగం ఉన్నది. కుర్చీలో హాయిగా కూర్చోండి. శరీరాన్ని గాని కాళ్లను గాని వంచకుండా లేవటానికి ప్రయత్నించండి. ఎవరూ లేవలేరు. కూర్చొన్నప్పుడు గరిమనాభి నుంచి వచ్చే లంబరేఖ పాదాలకు వెనుకగా, కుర్చీ మీద పడుతుంది. ముందుకు వంగి దానిని పాదాల మీదికి తెచ్చుకొంటే తప్ప లేవటం సాధ్యం కాదు. బల్లలు, గోపురాలు దాటి పుస్తకం సజీవమైన మనిషి దగ్గరికి వచ్చిందన్నమాట. ఈ ప్రయోగాన్ని చేర్చినవారిని మెచ్చుకోవలసిందే. అయితే అసలు ప్రశ్న ఆ మరుసటి అడుగులోనే ఉన్నది. వంగినా కూడా అవ్వ ఒక్క ఊపులో ఎందుకు లేవలేకపోతున్నది? లేచిన మరుక్షణంలో ఎందుకు తూలుతున్నది? అక్కడికి పాఠం పోదు. ఎందుకంటే లంబరేఖ సూత్రంలో కాలానికి చోటు లేదు, వేగానికి చోటు లేదు.

ఆ రెండింటినీ చేర్చి చూద్దాము. 160 సెంటీమీటర్ల పొడవైన మనిషి నిలబడితే గరిమనాభి నేల నుంచి సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తున, నడుము వెన్నుపూసలకు కొంచెం దిగువగా ఉంటుంది. అంత బరువు చీలమండల మీద నిలిచి ఉన్నది కాబట్టి మనిషిని తలకిందుల లోలకం అనుకోవచ్చును. వేలాడే లోలకం లెక్క మనకు తెలుసు. పొడవును గురుత్వ త్వరణంతో భాగించి వర్గమూలం తీస్తే, 0.9 మీటర్లకు ఇంచుమించు 0.3 సెకండ్లు వస్తుంది. దానిని రెండు 'పై'లతో గుణిస్తే ఊగే కాలం. లోలకాన్ని తలకిందులు చేస్తే ఆ 0.3 సెకండ్లకే వేరొక అర్థం వస్తుంది. ఒరగటం ఒకసారి ఊపందుకొన్న తరువాత, ఎవరూ దిద్దకపోతే, ప్రతి 0.3 సెకండ్లకు ఒరుగు సుమారు 2.7 రెట్లవుతుంది. 2 సెంటీమీటర్ల ఒరుగు 0.3 సెకండ్లలో 5 సెంటీమీటర్లు దాటుతుంది, 0.6 సెకండ్లలో 15కు చేరుతుంది. మన పాదం పొడవే సుమారు 24 సెంటీమీటర్లు.

దీని నుంచి నెదర్లాండ్సుకు చెందిన హాఫ్, ఆయన సహచరులు 2005లో ఒక సులువైన నియమం చెప్పారు. లంబరేఖ ఎక్కడ పడుతున్నదన్నది ఒక్కటే చూడరాదు. గరిమనాభి వేగాన్ని ఈ 0.3 సెకండ్లతో గుణించి, వచ్చిన దూరాన్ని లంబరేఖకు ముందు కలుపుకోవాలి. అలా కలిపిన బిందువు పాదం లోపల ఉంటేనే అడుగు కదపకుండా ఆగగలము. ఉదాహరణకు లంబరేఖ కాలివేళ్ల కొసకు 13 సెంటీమీటర్లు వెనుకగా, అంటే పాదం నడిమధ్యనే ఉన్నదనుకొందాము. బస్సు హఠాత్తుగా ఆగి శరీరం సెకండుకు అర మీటరు వేగంతో ముందుకు తూలింది. 0.5ను 0.3తో గుణిస్తే 15 సెంటీమీటర్లు. పాదం కొసకు 2 సెంటీమీటర్లు అవతల. పాఠం ప్రకారం ఈ మనిషి ఇంకా స్థిరంగానే ఉన్నాడు. నిజానికి వెంటనే అడుగు వేయకపోతే అతడు పడటం ఖాయం.

దీనికి ఎదురుదిక్కు సంగతి మరింత తమాషా. మనం నడిచేటప్పుడు ఒంటికాలి మీద ఉన్న సమయంలో చాలాభాగం లంబరేఖ ఆ పాదం మీద పడనే పడదు. దాని లోపలి అంచుకు ఇవతలగా పోతుంది. అనగా ప్రతి అడుగులోనూ మనం సూత్రాన్ని ఉల్లంఘిస్తున్నాము, అయినా పడటం లేదు. పడబోతూ, తరువాతి కాలితో దానిని పట్టుకొంటూ పోతున్నాము. దీనికి తెలుగులో ఎంత చక్కని మాట ఉన్నదో గమనించండి: నిలదొక్కుకోవటం. తూలి తమాయించుకొన్నాడని కూడా అంటాము. మన పాఠం నిలబడటాన్ని గురించి చెబుతున్నది. మనిషి చేసేది నిలదొక్కుకోవటం.

వార్ధక్యంలో చెడేది కూడా ఈ రెండవదే. చీలమండ దగ్గర కుదుపు తగిలిన సుమారు పదోవంతు సెకండుకు పిక్క కండరాలు మన ప్రమేయం లేకుండానే స్పందిస్తాయి. అది చాలకపోతే నడుము వంచి సర్దుకొంటాము, అదీ చాలకపోతే అడుగు వేస్తాము. వయసుతో ఈ స్పందనలన్నీ కొంచెం కొంచెం ఆలస్యమవుతాయి. కొంచెమే గదా అనుకోరాదు. పైలెక్క ప్రకారం పదోవంతు సెకండు ఆలస్యమైతే ఒరుగు 1.4 రెట్లవుతుంది. అంతకంటె ముఖ్యం, కండరం బలం కంటె ఆ బలాన్ని త్వరగా తెచ్చుకొనే శక్తి ముందుగా తగ్గుతుంది. నెమ్మదిగా బిందె ఎత్తగలిగిన అవ్వ కూడా ఠక్కున కాలు ముందుకు వేయలేదు. వేసిన అడుగు చిన్నదవుతుంది. దాని వెంట ఇంకొకటి, మరొకటి వేయవలసి వస్తుంది. పక్కకు తూలితే ఇంకా కష్టం, ఒక కాలికి మరొక కాలు అడ్డం వస్తుంది. పక్కకు పడటంలోనే తుంటి నేరుగా నేలకు తగులుతుంది.

ఇక ఈ స్పందనకు వార్తలు అందించేవి మూడు: కళ్లు, లోపలి చెవిలోని అర్ధవర్తుల కుల్యలూ వాటి తోడి అవయవాలూ, అరికాళ్లలోను కీళ్లలోను ఉన్న స్పర్శ. ఇవి జీవశాస్త్ర పాఠంలో వస్తాయి, గరిమనాభి భౌతికశాస్త్రంలో వస్తుంది, ఇద్దరు ఉపాధ్యాయులు రెండు పీరియడ్లలో చెబుతారు. రెండూ కలిసి ఒకే అవ్వలో పనిచేస్తున్నవని చెప్పే పీరియడు మాత్రం లేదు. మధుమేహం ముదిరి అరికాళ్లు తిమ్మిరెక్కినవారు చీకటిలో తూలుతారు. మూడింటిలో ఒకటి ముందే పోయింది, దీపం ఆర్పగానే రెండవదీ పోయింది. దీనికి వాతమని పేరు పెట్టి ఊరుకొంటున్నాము.

పేర్ల మాట వచ్చింది కాబట్టి మరొక విషయం. మన వార్తాపత్రికల్లో ముసలివారు ఎప్పుడూ 'కాలు జారి' పడతారు. కారణం ఏదైనా మాట ఒకటే. కాని పడటానికి తెలుగులో ఒక్క మాట కాదు, అనేకం ఉన్నవి. వాటి తేడా తెలిసి వాడితే సగం శాస్త్రం చెప్పినట్లే. కెనడాలో రాబినోవిచ్, ఆయన బృందం రెండు వృద్ధాశ్రమాల్లో కెమెరాలు అమర్చి, 130 మంది పడిన 227 సందర్భాలను చిత్రించి 2013లో ప్రకటించారు. పడినవారి జ్ఞాపకం మీద ఆధారపడకుండా కంటితో చూసి లెక్కించటం ఇందులోని విశేషం. అందులో నూటికి 41 తమ బరువును తాము సరిగా మార్చుకోలేక పడినవి: తిరగబోయి, కూర్చోబోయి, అందుకోబోయి పడినవి. వీటిని మనం తూలటం అనాలి. నూటికి 21 కాలికి ఏదో తట్టుకొని పడినవి. ఒకరికొకరు తగలటం, పట్టుకొన్న ఆధారం తప్పిపోవటం, ఉన్నచోటనే కూలబడటం తలా 11. జారి పడినవి నూటికి 3 మాత్రమే.

ఆ ఆశ్రమాల నేల పొడినేల అని మనం మరచిపోరాదు. మన స్నానాల గదికి ఈ మూడు శాతం వర్తించదు. కరీంనగర్ గ్రానైటుకు పెట్టింది పేరు. ఇక్కడి గోధుమరంగు రాయి నునుపు పట్టి దేశదేశాలకు పోతున్నది, మన కొత్త ఇళ్లలోనూ పరుస్తున్నారు. పొడిగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. తడిసినప్పుడు రాయికీ పాదానికీ మధ్య నీటిపొర నిలిచి ఘర్షణ పడిపోతుంది. గరుకు రాయి అయితే నీరు గుంటల్లోకి పోయి పాదం రాతినే తాకుతుంది. అద్దంలా మెరిసే రాయిని స్నానాల గదిలో వేయటం ఏమి సొగసో నాకు అర్థం కాదు. అదే రాయి గరుకు చేసినది కూడా దొరుకుతుంది. ఏమైనా, నేలను బాగుచేస్తే పని అయిపోయిందనుకొంటే మాత్రం తూలి పడేవారిని వదిలేసినట్లే.

కళ్ల విషయంలో ఆదిలాబాద్‌కు ఒక ప్రత్యేకత ఉన్నది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు జరిపిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వేలో హైదరాబాదుతో పాటు పశ్చిమ గోదావరి, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్ జిల్లాల గ్రామాలు ఉన్నవి. మొత్తం 10,293 మందిని పరీక్షించారు. చూపు తగ్గినవారిలో ఎక్కువమందికి కారణం శుక్లాలు గాని, అద్దాలతో సరిపోయే దృష్టిలోపాలు గాని అని తేలింది. అంటే సరిచేయగల లోపాలు. ఆ సంస్థవారే తరువాత హైదరాబాదు ప్రాంతంలోని 41 వృద్ధాశ్రమాల్లో వేయిమందికి పైగా చూసి, అంతకుముందటి ఏడాదిలో ఇంచుమించు పదిమందిలో ముగ్గురు పడ్డారని, చూపు తగ్గినవారు మరింత ఎక్కువగా పడ్డారని 2020లో ప్రకటించారు. చూపు బాగుచేస్తే పడటం తగ్గుతుందా? ఇంగ్లండులోని నాటింగ్‌హాంలో డెబ్బై దాటిన 306 మంది స్త్రీలలో కొందరికి శుక్లాల శస్త్రచికిత్స త్వరగా చేసి, కొందరిని మామూలు వరుసలో ఉంచి చూశారు. త్వరగా చేయించుకొన్నవారిలో పడటాలు నూటికి 34 తగ్గినవని 2005లో తేలింది. ఇక్కడ ఒక హెచ్చరిక. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో చాలామంది పెద్దలకు దగ్గరి చూపు అద్దాలు వచ్చినవి. అవి బియ్యం ఏరటానికి, సూదిలో దారం ఎక్కించటానికి. వాటిని పెట్టుకొని నడిస్తే గడప మసకగా కనిపిస్తుంది. మనుమడు ఈ మాట ఒక్కటి చెప్పినా మేలే.

మళ్లీ 'ఊకె లేవకు' అన్న మాట దగ్గరికి వద్దాము. దానికి విరుద్ధమైన సాక్ష్యం ఇప్పుడు చాలా బలంగా ఉన్నది. వ్యాయామం మీద జరిగిన 108 పరిశోధనలను, 23 వేలమందికి పైగా వృద్ధుల వివరాలను కలిపి 2019లో సమీక్షించారు. వ్యాయామం చేసినవారిలో పడటాలు నూటికి 23 తగ్గినవి. ఒంటికాలి మీద నిలవటం, బరువు పక్కకు మార్చటం, కుర్చీలో కూర్చొని లేవటం వంటి సమతౌల్యపు అభ్యాసాలకే ఈ ఫలితం నిలకడగా వచ్చింది. ఉత్త నడకకు ఇంతటి ఆధారం లేదు. షికాగోలో పై అనే శాస్త్రజ్ఞుడి బృందం ఇంకొక అడుగు ముందుకు పోయింది. 65 దాటిన 212 మందిలో ఒక వర్గాన్ని పైనుంచి తాళ్లతో కట్టి, కింద పలకను హఠాత్తుగా జరిపి, ఒకే రోజున 24 సార్లు జారనిచ్చారు. తాళ్లు ఉన్నవి కాబట్టి ఎవరూ నేలకు తగలలేదు. ఆ తరువాతి ఏడాదిలో ఆ వర్గంవారు పడే ప్రమాదం మిగతావారిలో సగానికి తగ్గిందని 2014లో ప్రకటించారు. జారటం కూడా నేర్చుకొనే విద్యే. పిల్లలు దీనిని ఇంట్లో చేయబోరాదని మాత్రం ఉపాధ్యాయులు గట్టిగా చెప్పాలి. తాళ్లు లేని చోట అది ప్రయోగం కాదు, ప్రమాదం.

మంచం మీద ఉంచిన మనిషికి ఏమవుతుందో దీనిని బట్టి ఊహించవచ్చును. పడే అవకాశం తగ్గించామనుకొని నిలదొక్కుకొనే శక్తిని తగ్గిస్తున్నాము. వారం రోజుల తరువాత ఆమె ఎలాగూ పెరట్లోకి పోవలసిందే, అప్పుడు కాలు ఇంకా ఆలస్యంగా లేస్తుంది. బతుకమ్మ చుట్టూ అరవై దాటిన స్త్రీలు వంగి, చప్పట్లు కొట్టి, పక్కకు అడుగు వేస్తూ తిరగటం చూస్తే, పై సమీక్ష చెప్పిన అభ్యాసాలన్నీ అందులో ఉన్నట్లు కనిపిస్తుంది. బతుకమ్మ ఆడితే పడరని దీని అర్థం కాదు, ఏటా తొమ్మిది రోజుల ఆట చికిత్స అనిపించుకోదు. ఈ సంవత్సరం అవ్వను అరుగు మీద కూర్చోబెట్టటం ఎందుకని మాత్రం అడగవచ్చును.

చేతికర్ర గురించి కూడా మన పాఠం సగమే చెబుతుంది. కర్ర మూడవ కాలు, ఆధారపీఠం పెరుగుతుంది, నిజమే. కాని గోడను వేలి కొసతో తాకుతూ నడిచే ముసలివారిని చూడండి. ఆ వేలు ఎవరినీ మోయలేదు. జెకా, లాక్నర్ అనే శాస్త్రజ్ఞులు 1994లో ప్రకటించిన ప్రయోగంలో, 100 గ్రాముల బరువుకు మించని ఒత్తిడితో వేలు తాకించినా నిలబడినవారి ఊగిసలాట తగ్గింది. అంత స్వల్పమైన బలం ఆధారం కాజాలదు, అది వార్త. ఎటు ఒరుగుతున్నామో చర్మం ముందుగా చెబుతున్నది. గోడ పట్టుకొని పోతున్నదని అవ్వను చూసి నవ్వే పిల్లలకు ఈ సంగతి చెప్పవచ్చును.

పాఠాన్ని మార్చటానికి కొత్త పుస్తకం అచ్చు కావలసిన పని లేదు. కుర్చీ ప్రయోగం ఉన్నది గదా, దానినే కొంచెం పొడిగిస్తే చాలు. మాంట్రియల్‌కు చెందిన పోడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ 1991లో చెప్పిన పరీక్ష వైద్యశాలల్లో నేటికీ వాడుకలో ఉన్నది. చేతులున్న కుర్చీ నుంచి లేచి, 3 మీటర్లు మామూలుగా నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకండ్లు గాని అంతకు మించి గాని పడితే ఆ మనిషికి పడే ముప్పు ఉన్నట్లు అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ పరిగణిస్తున్నది. గడియారం, సుద్దగీత ఉంటే చాలు. విద్యార్థి ఇంట్లో తాతనో అవ్వనో ఒప్పించి కొలిచి రావచ్చును. లేవటానికి ఎంత, తిరగటానికి ఎంత పట్టిందో విడిగా రాసుకొంటే ఇంకా మంచిది, ఎందుకంటే తూలేది ఎక్కువగా తిరిగేచోటనే. నేల పొడిగా ఉండాలి, కాళ్లకు వదులు చెప్పులు ఉండరాదు, మరొక పెద్దమనిషి దగ్గర ఉండాలి. కొలిచే పిల్లవాడు అవ్వకు పక్కన, కొంచెం వెనుకగా నడవాలి. ముందు నడిచి చేయి పట్టి లాగరాదు. లాగితే గరిమనాభి వేగం పిల్లవాడి చేతిలో ఉంటుంది, అడుగు మాత్రం అవ్వ వేయవలసి వస్తుంది.